ఇంట్లో పెరిగిన లాబ్రడార్‌తో హంట్ టెస్టుకి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డాలస్ దగ్గర ఉంటున్నారు, ఏడాది నిండిన లాబ్రడార్ ఉంది. అది బంతి తెచ్చే తీరు చూసి పక్కింటాయన "దీన్ని హంట్ టెస్టుకి తీసుకెళ్లండి" అంటున్నాడు. హంట్ టెస్టు అంటే వేటలో పడిన పక్షిని వెతికి తెచ్చే పని కుక్కకి ఎంత వచ్చో చూసే పరీక్ష. మీకేమో తుపాకీ పట్టుకోవడం తెలీదు, ఇంట్లో సగం మంది శాకాహారులు, ఇద్దరికీ ఉద్యోగాలు. పైగా రెండేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయే ఆలోచన ఉంది. ఇది మీవల్ల అవుతుందా, అయినా ఉపయోగం ఉందా అని అడుగుతున్నారు.

ఈ టెస్టుల్లో మొదటి మెట్టు జూనియర్, దాని పైది సీనియర్. జూనియర్ స్థాయి వరకు నిక్షేపంగా అవుతుందండీ. ఆ పైకి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం బాగా ఆలోచించుకుని తేల్చుకోవాల్సిన విషయం. మేమూ టెక్సాస్‌లోనే ఉంటాం. మాదీ సోఫా మీద పడుకునే నల్ల లాబ్రడారే, పేరు మిరియం. జూనియర్ టైటిల్ చేసింది, ఇప్పుడు సీనియర్‌కి సాధన చేయిస్తున్నాం.

ముందు తుపాకీ సంగతి. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) హంట్ టెస్టులో కాల్చేది మీరు కాదు. దూరంగా పొలంలో నిలబడ్డ గన్నర్లు బాతు కూత కూసి, తుపాకీ పేల్చి, పక్షిని గాల్లోకి ఎగరేస్తారు. చాలాచోట్ల వింగర్ అనే పెద్ద ఉండేలు లాంటి యంత్రంతో విసురుతారు. ఆ పక్షి ఎక్కడ పడిందో కుక్క కళ్లతో చూసి గుర్తుపెట్టుకుని, మీరు పంపగానే వెళ్లి, వెతికి, నోట కరుచుకుని తెచ్చి మీ చేతికివ్వాలి. దీన్నే మార్క్ అంటారు. యూకేసీ (యునైటెడ్ కెన్నెల్ క్లబ్) కింద నడిచే హెచ్‌ఆర్‌సీ (హంటింగ్ రిట్రీవర్ క్లబ్) టెస్టులని ఇంకో రకం ఉన్నాయి. అక్కడ పై స్థాయిల్లో హ్యాండ్లరే, అంటే కుక్కని నడిపించే మనిషే, గుండు లేని ఖాళీ తూటాలతో తుపాకీ పేల్చాలి. మీకు అది ఇష్టం లేదు కాబట్టి ఏకేసీతో మొదలుపెట్టండి.

ఏకేసీ వాళ్లు తమ హంట్ టెస్టుల్ని 1985లో మొదలుపెట్టారు. వీటిల్లో ఫస్ట్, సెకండ్ ప్రైజులుండవు. అవి కుక్కలు ఒకదానితో ఒకటి పోటీపడే ఫీల్డ్ ట్రయల్స్‌లో ఉంటాయి, అది వేరే ప్రపంచం, వేరే ఖర్చు. హంట్ టెస్టులో మీ కుక్కని పక్క కుక్కతో పోల్చరు, ఒక ప్రమాణంతో పోల్చి పాసో ఫెయిలో చెప్తారు. ఇద్దరు జడ్జిలుంటారు. మార్కింగ్ (పక్షి పడిన చోటు గుర్తుపెట్టుకోవడం), స్టైల్, పట్టుదల, మాట వినే గుణం, ఈ నాలుగింటికీ 0 నుంచి 10 వరకు పాయింట్లేస్తారు. మొత్తం సగటు 7 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ సగటు 5 కంటే తగ్గకూడదు. అందరూ పాసవ్వచ్చు కాబట్టి అక్కడి వాతావరణం బాగుంటుంది. మీ ముందు వెళ్లిన కుక్క తడబడితే మీరు కూడా అయ్యో అనుకుంటారు.

జూనియర్‌లో నేల మీద రెండు మార్క్‌లు, నీళ్లలో రెండు. ఒక్కోసారి ఒక్క పక్షే. దూరం మామూలుగా 100 గజాలు దాటదు. పక్షి పడేదాకా మీరు కుక్కని కాలర్ పట్టుకుని ఆపొచ్చు. ఇలా 4 సార్లు పాసైతే జూనియర్ హంటర్ టైటిల్ వస్తుంది. కుక్కకి 6 నెలలు నిండితే చాలు, ఎంట్రీ వేయొచ్చు.

ఇంతేనా, మావాడు బంతి రోజూ తెస్తున్నాడుగా అనిపిస్తుంది. అసలు తేడా అక్కడే ఉంది. మీరు విసిరే బంతి మీ చేతిలోంచి, మీ పక్క నుంచి వెళ్తుంది. టెస్టులో పక్షి ఎక్కడో దూరంగా, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర లేస్తుంది. ఇంటి వెనక పెరట్లో ఎంత బంతాట ఆడినా కుక్కకి అలా దూరంగా చూసే అలవాటు రాదు. కాబట్టి మొదటి రోజు నుంచే విసిరే మనిషి వేరు, పంపే మనిషి వేరుగా ఉండాలి. మా ఇంట్లో పిల్లలు ఆ పని చేశారు. తెల్ల టీషర్టు వేసుకుని దూరంగా నిలబడతారు. "హే, హే" అని గట్టిగా అరిచి, కుక్క అటు చూశాక బంపర్‌ని బాగా ఎత్తుగా విసురుతారు. బంపర్ అంటే రిట్రీవర్ల (లాబ్రడార్ లాంటి, పడినదాన్ని తెచ్చే జాతుల) కోసం అమ్మే ప్లాస్టిక్ డమ్మీ. మార్క్‌లకి తెల్లదే కొనండి. నారింజ రంగువి కూడా షాపుల్లో ఉంటాయి గానీ గడ్డిలో ఆ రంగు కుక్క కంటికి సరిగా ఆనదు. అందుకే వాటిని బ్లైండ్‌లకి, అంటే కుక్క చూడకుండా దాచిపెట్టి మన సైగలతో తెప్పించే పనికి వాడతారు.

మొదట పొట్టి గడ్డి, దగ్గరి దూరం. కుక్క తడుముకోకుండా వెళ్తుంటే దూరం పెంచండి, ఆ తర్వాతే ఎత్తు గడ్డిలోకి వెళ్లండి. ఈ రెండూ ఒకేసారి పెంచితే కుక్క మధ్యలో ఆగి మీ మొహం చూడటం మొదలుపెడుతుంది, ఆ అలవాటు మాన్పించడం కష్టం. గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోండి. పక్షి మీంచి గాలి కుక్క వైపు వస్తుంటే వాసన పట్టేసి దొరకబుచ్చుకుంటుంది, అప్పుడది నిజంగా గుర్తుపెట్టుకుందో లేదో మీకు తెలీదు.

జూనియర్‌లో కుక్కలు ఎక్కువగా ఎక్కడ ఫెయిలవుతాయో చెప్తాను. పక్షిని వెతకడంలో కాదు, తెచ్చి ఇవ్వడంలో. నీళ్లలోంచి బయటికి రాగానే ఏ కుక్కైనా ఒళ్లు దులుపుకుంటుంది. దులుపుకోవాలంటే నోట్లోది కింద పెట్టేస్తుంది. కొన్ని మళ్లీ తీసుకుని వస్తాయి, కొన్ని దాన్ని అక్కడే వదిలేసి తోక ఊపుకుంటూ వచ్చేస్తాయి. మీరేమో లైన్ దగ్గరే, అంటే కుక్కని పంపిన చోటే, నిలబడి ఉండాలి, గట్టు దాకా వెళ్లి తీసుకోవడం కుదరదు. పక్షి చేతికి అందాల్సిందే. మేం దీనికి చేసిన ఉపాయం చిన్నదే. మొదట్లో నేను నీటి అంచునే నిలబడి, అది దులుపుకునే లోపే బంపర్ తీసేసుకునేదాన్ని. తర్వాత ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ వచ్చాను. దానికి ముందు ఇంట్లో, కార్పెట్ మీద, "హోల్డ్" అని చెప్పి బంపర్ నోట్లో పట్టుకుని కదలకుండా కూర్చోవడం నేర్పాలి. ఇందులో పరుగూ ఆటా ఉండవు కాబట్టి మనకీ విసుగే, కుక్కకీ విసుగే. కానీ ఒక్కటే బాగా నేర్పే ఓపిక ఉంటే అది ఇదే అవ్వాలంటాను.

ట్రైనర్లని అడిగితే చాలామంది ఫోర్స్ ఫెచ్ చేయించమంటారు. చెవి నొక్కి, నోరు తెరిచి బంపర్ పట్టుకోగానే నొక్కు వదిలే పద్ధతి. అనుభవమున్న చేతుల్లో అది పద్ధతిగానే జరుగుతుంది, పై స్థాయిలకి అది తప్పదనే వాళ్లూ ఉన్నారు. జూనియర్‌కి మాత్రం అవసరం లేదనే నా అభిప్రాయం. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించడం అసలే వద్దు.

తుపాకీ శబ్దం విషయంలో తొందరపడకండి. చాలా దూరంలో స్టార్టర్ పిస్టల్ (చప్పుడు మాత్రమే చేసే చిన్న తుపాకీ) పేల్చడం, అదే క్షణంలో బంపర్ గాల్లోకి లేవడం. శబ్దం అంటే మంచిదేదో రాబోతోంది అని కుక్కకి అనిపించాలి. చెవులు వెనక్కి పెట్టకుండా అటే చూస్తుంటే ఇంకొంచెం దగ్గరికి రావచ్చు. శబ్దం అలవాటవుతుందని జూలై 4 బాణసంచాకో, మన దీపావళి టపాసుల మధ్యకో తీసుకెళ్లే మహానుభావులున్నారు. ఒక్కసారి భయం పట్టుకుంటే దాన్ని వదిలించడం చాలా కష్టమండీ.

ఇక పక్షుల సంగతి. ఏది విసిరినా తెచ్చే కుక్క మొదటిసారి ఈకలున్న బాతుని చూసి వాసన పీల్చి పక్కకి తప్పుకోవచ్చు. బంపర్‌కి రెక్క కట్టి మొదలుపెట్టి, తర్వాత పావురం, తర్వాత గడ్డకట్టిన బాతు, ఆ తర్వాత కరిగిన బాతు, ఇలా వెళ్తారు. అంటే ఇంట్లో ఫ్రీజర్‌లో బాతులుండాలి. మేం గ్యారేజీలో దానికి వేరే చిన్న ఫ్రీజర్ పెట్టుకున్నాం. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఐస్‌క్రీమ్ కోసం దాని మూత తెరిచింది. ఆ తర్వాత వారం రోజులు మా వంటింట్లో ఏ పాత్రనీ కడక్కుండా ముట్టుకోలేదు.

మీ ఇంట్లో శాకాహారులకి ముందే చెప్పాల్సినది ఇంకోటుంది. టెస్టుకి వాడే పక్షులు ఫారాల్లో పెంచినవి. చాలా స్టేషన్లలో, అంటే గన్నర్లు నిలబడే చోట్ల, ముందే చంపిన బాతులే విసురుతారు. కొన్నిచోట్ల మాత్రం బతికున్న బాతుని ఎగరేసి అక్కడే కాలుస్తారు, దాన్ని ఫ్లయర్ అంటారు. చూడలేనివాళ్లు చూడలేరు, అందులో తప్పేమీ లేదు. మా ఆయన శాకాహారి. పక్షుల బకెట్ ఛాయలకి రారు. హోల్డింగ్ బ్లైండ్ దగ్గర, అంటే మన వంతు వచ్చేదాకా కుక్కతో దాక్కునే తెర వెనక, మిరియాన్ని ప్రశాంతంగా ఉంచే పని మాత్రం ఆయనదే. అది నాకంటే బాగా చేస్తారు. తడిసిన బాతుని చేత్తో అందుకునే మనిషి ఇంట్లో ఒక్కరుంటే చాలు.

ఆరోగ్యం గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తాను. లాబ్రడార్లలో ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్) అనే వంశపారంపర్య జబ్బు ఉంది. చూడ్డానికి పూర్తి ఆరోగ్యంగా ఉన్న కుక్క, కాసేపు గట్టిగా పరిగెత్తగానే వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడుతుంది. కొన్నిసార్లు ప్రాణం మీదికి వస్తుంది. దీనికి కారణమైన జన్యువుని మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు గుర్తించి 2008లో ప్రకటించారు, ఇప్పుడు మామూలు డీఎన్‌ఏ పరీక్షతో తెలిసిపోతుంది. బ్రీడర్ దగ్గర ఆ రిపోర్టు లేకపోతే మీరే చేయించండి. తుంటి కీళ్ల ఎక్స్‌రే కూడా తీయిస్తే మంచిది. నీళ్లలో అదే పనిగా విసరకండి. నోరు తెరిచి ఈదుతూ కుక్క నీళ్లు తెగ మింగేస్తుంది, ఒంట్లో సోడియం పడిపోయి తూలడం, వాంతులు మొదలవుతాయి. అది ఎమర్జెన్సీ. మన టెక్సాస్ ఎండ మీకు తెలిసిందే. వేసవిలో పొద్దున్నే, ఎండ ముదరకముందే పని ముగించుకోవాలి. చెరువు గట్టున విషపు నీటిపాములుంటాయి కాబట్టి కుక్కని వదిలేముందు మీరు ఒకసారి నడిచి చూడండి.

టైమ్, డబ్బు విషయం. జూనియర్‌కి వారంలో మూడు నాలుగు రోజులు పావుగంట చొప్పున ఇంటి దగ్గర, వారాంతంలో ఒక పూట బయట పొలంలో, ఇంత చాలు. ఒక్కో టెస్టుకి ఎంట్రీ ఫీజు వంద డాలర్లకు అటూఇటూ ఉంటుంది. ఎంట్రీ ఎక్స్‌ప్రెస్ అనే సైట్‌లో వేస్తారు. మీ కుక్కకి లిమిటెడ్ రిజిస్ట్రేషన్ (దాని పిల్లల్ని ఏకేసీలో నమోదు చేయనివ్వనిది) కాగితం ఉన్నా పర్లేదు, అది డాగ్ షోలకి అడ్డు గానీ హంట్ టెస్టులకి కాదు. ఆడకుక్క హీట్‌లో (ఎదలో) ఉంటే మాత్రం రానివ్వరు.

సీనియర్ దగ్గర లెక్క మారిపోతుంది. అక్కడ రెండు పక్షులు వరసగా పడతాయి, రెండూ గుర్తుండాలి. నేల మీదా నీళ్లలోనూ బ్లైండ్‌లుంటాయి. కాలర్ పట్టుకోవడానికి లేదు, పక్షి పడేదాకా కుక్క తనంతట తాను కూర్చోవాలి. వేరే కుక్క పని చేస్తుంటే పక్కన కదలకుండా చూస్తూ ఉండాలి, దాన్ని ఆనర్ అంటారు. బ్లైండ్ చేయాలంటే వంద గజాల దూరంలో ఈల వినగానే ఆగి, తిరిగి కూర్చుని, మీ చేతి సైగ చూసి ఎడమకో కుడికో వెనక్కో వెళ్లాలి. ఇది వారాంతపు సరదాగా వచ్చే విద్య కాదు. మేం ఇందులోకి దిగాక మా శనివారాలన్నీ దీనికే పోతున్నాయి. ప్రో ట్రైనర్ దగ్గర వదిలితే నెలకి వెయ్యి డాలర్ల దాకా, అంతకు పైన కూడా అడుగుతారు, కుక్క నెలల తరబడి ఇంట్లో ఉండదు. మీకున్న రెండేళ్ల గడువుకి, ఇద్దరి ఉద్యోగాలకి, జూనియర్ చేసి ఆపేయమనే నేను చెప్తాను. అయితే ఒక్క జాగ్రత్త. జూనియర్‌లో కాలర్ పట్టుకోవచ్చు కదా అని కూర్చోవడం నేర్పకుండా వదిలేయకండి. ముప్ఫై కిలోల లాబ్రడార్ తుపాకీ చప్పుడుకి ముందుకు దూకితే కాలర్‌తో పాటు మీరూ వెళ్తారు.

ఎంట్రీ వేసే ముందు ఒక టెస్టుకి కుక్క లేకుండా వెళ్లండి. దగ్గర్లోని రిట్రీవర్ క్లబ్‌కి మెయిల్ పెట్టి, పక్షులు విసరడానికి సాయం వస్తామని అడగండి. వాళ్లకి ఎప్పుడూ మనుషుల కొరతే, ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. గన్నర్ల పక్కన కూర్చుంటే కుక్కలన్నీ మీ వైపే వస్తాయి. ఏది సూటిగా వస్తోందో, ఏది దారి తప్పుతోందో అక్కడి నుంచి కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు. మాకు ట్రైనింగ్ గ్రూప్ దొరికింది కూడా అలాగే. రెండు వందల ఎకరాల రాంచ్‌లో, అంటే పశువుల క్షేత్రంలో, ఆదివారం పొద్దున్న సాధన చేసుకోనిచ్చే పెద్దాయన ఒకరు అక్కడే పరిచయమయ్యారు.

చివరగా హైదరాబాద్ సంగతి. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి ఇలాంటి టెస్టులు అక్కడ ఆశించకండి, టైటిల్‌తో పనేమీ ఉండదు. బంపర్లతో చేసే పనికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఇంగ్లండ్‌లో వర్కింగ్ టెస్టులని అచ్చంగా డమ్మీలతోనే నడుపుతారు, పక్షి ఈక కూడా ఉండదు. అవే మార్క్‌లు ఊరి బయట ఖాళీ జాగాలో మీరూ పెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు మంచి బంపర్లు ఓ అరడజను, ఒక ఈల సూట్‌కేసులో పెట్టుకోండి. స్టార్టర్ పిస్టల్ మాత్రం ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, ఎయిర్‌పోర్టులో దాని గురించి వివరించే ఓపిక మీకు ఉండదు.