పొదుపు లేనిది ఈ తరానికేనా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. జీతం వచ్చిన పది రోజులకే చేతిలో ఏమీ ఉండదు. ఈ తరానికి పొదుపు తెలియదని వాళ్ల నాన్నగారు అంటుంటారు. దేశంలో కుటుంబాల పొదుపు బాగా పడిపోయిందని పత్రికల్లోనూ చదివాం. ఆయన మాట నిజమే కదండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చదివిన వార్త నిజమేనండీ. రిజర్వు బ్యాంకు 2023లో వెలువరించిన తొలి అంచనాల ప్రకారం కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2021-22లో జీడీపీలో 7.2 శాతం ఉండగా, 2022-23లో 5.1 శాతానికి తగ్గింది. అయితే ఆ వార్త నుంచి మీ వారు తీసిన తీర్పు మాత్రం అందులో లేదు.

ఇక్కడ 'నికర' అన్న మాటే కీలకం. డిపాజిట్లు, బీమా, ప్రావిడెంట్ ఫండ్, షేర్లు వంటి వాటిలో ఆ ఏడాది చేరిన మొత్తం నుంచి ఆ ఏడాది పెరిగిన అప్పులను తీసివేస్తే మిగిలేదే నికర పొదుపు. తీసివేతకు ముందున్న మొత్తం 11.1 నుంచి 10.9 శాతానికి, అంటే నామమాత్రంగానే తగ్గింది. పెరిగింది అప్పులు, 3.8 నుంచి 5.8 శాతానికి. బ్యాంకు రుణంతో ఇల్లు కొన్న కుటుంబానికి ఈ లెక్కలో అప్పు మాత్రమే కనిపిస్తుంది, ఎందుకంటే ఇంటి విలువ భౌతిక ఆస్తుల పద్దులోకి వెళ్తుంది. ఫోను కోసం చేసిన అప్పూ ఇందులోనే కలుస్తుంది కనుక, అప్పులన్నీ మంచివేనని కూడా నేను అనను.

పైగా ఈ అంకెల్లో వయసు ప్రస్తావనే లేదు. జాతీయ లెక్కల్లో 'కుటుంబాలు' అంటే ఉద్యోగుల ఇళ్లే కాదు, రైతులు, కిరాణా కొట్లు, చిన్న వ్యాపారులు కూడా. అంతమంది జమాఖర్చును తెచ్చి ఇరవై ఆరేళ్ల కుర్రవాడి మీద మోపడం అన్యాయం.

తరాలను పోల్చాలంటే యాభై దాటిన తండ్రి పక్కన కొడుకును నిలబెట్టకూడదు. ఇరవై ఆరేళ్ల వయసులో ఆ తండ్రి జీతమెంత, అందులో అద్దెకు పోయిందెంత, మిగిలిందెంత అన్నది కొడుకు లెక్కతో పోల్చి చూడాలి. మీ అబ్బాయి జీతపు చీటీ కూడా ఒకసారి అడిగి చూడండి. ప్రావిడెంట్ ఫండ్ ఉన్న ఉద్యోగమైతే మూల వేతనంలో సాధారణంగా 12 శాతం అతని చేతికి రాకముందే జమవుతుంది, యజమాని వాటా దానికి అదనం. ఇంట్లో మీరు వేసుకున్న లెక్కలో ఆ సొమ్ము ఉందా?