బ్రెడ్డు పిండి కలిపిన చేతులతో ల్యాబుకు వెళ్లేముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు హైదరాబాదులో కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ వెంటనే, అద్దె గదిలో చిన్న ఓవెన్ కొని పెట్టుకున్నావనీ, రోజూ తెల్లవారుజామున లేచి బ్రెడ్డు చేస్తున్నావనీ, కొన్నాళ్లకు అపార్టుమెంటులోని వాళ్లకు అమ్మాలని కూడా అనుకుంటున్నావనీ చెప్పింది. కరెంటు బిల్లు ఎంత వస్తుందోనని మీ అమ్మ దిగులు. నా దిగులు వేరు. ఉద్యోగ జీవితమంతా జంతు కణాలను పెంచే ల్యాబులోనే గడిపినదాన్ని కనుక, పొద్దున్నే ఈస్టుతో పిండి కలిపిన చేతులు కాసేపటికే కణాల ఫ్లాస్కు మూత తీస్తాయన్న ఆలోచన రాగానే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్రెడ్డు మానేయమని చెప్పడానికి రాస్తున్నానని అనుకోకు. జీవశాస్త్రం మీద నీ ఇష్టం వంటింట్లోనే మొదలైందని నాకు తెలుసు. వేసవిలో రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లుతుంటే, సంక్రాంతి రోజుల్లో అదే పిండి పొద్దెక్కేదాకా ఎందుకు పొంగదని చిన్నప్పుడు నన్ను అడిగావు. చలికి పొంగదని ఇంట్లో అందరూ చెప్పే జవాబు నీకు చాలలేదు; చలికి ఏది ఆగిపోతోందని మళ్లీ అడిగావు. ఇడ్లీ పిండిని పొంగించడంలో ల్యూకోనాస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియాది ముఖ్యపాత్ర అనీ, అది చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడునూ వదులుతుందనీ, చలిలో దాని పెరుగుదల మందగిస్తుందనీ ఆ రోజు చెప్పాను. ఇప్పుడు నీ బ్రెడ్డులో ఆ పని చేస్తున్నది శాకరోమైసిస్ సెరివిసియె అనే ఈస్టు. అది ఒక్కొక్క గ్లూకోజు అణువును విడగొట్టి రెండు ఆల్కహాలు అణువులనూ రెండు కార్బన్ డయాక్సైడు అణువులనూ బయటికి వదిలి, తన అవసరానికి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను రెండింటిని మిగుల్చుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. పిండి పిసుకుతున్నప్పుడు ఆ సంగతి గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వంటింటి తెలివి ల్యాబుకు ఎంత మేలు చేసిందో చెప్పాలంటే ఫానీ హెస్సే సంగతి చెప్పాలి. 1881 ప్రాంతంలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్తర్ హెస్సే, జెలాటిన్ మీద బ్యాక్టీరియాను పెంచబోతే ఎండలకు అది కరిగి నీళ్లైపోయేది. ఆయన భార్య ఫానీ తాను జెల్లీలు గట్టిపడడానికి వాడే అగర్‌ను వాడి చూడమని సూచించింది. మరిగే వేడికి దగ్గరగా వస్తే తప్ప కరగని ఆ పదార్థం శరీరపు వేడి దగ్గర చెక్కుచెదరదు, చాలా బ్యాక్టీరియాలు దాన్ని తినలేవు. మన కిరాణా కొట్టులో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. 1882లో కాక్ క్షయ క్రిమి గురించి ప్రకటించిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది కానీ ఆమె పేరు లేదు. వంట చేసే ఆడవాళ్ల శాస్త్రజ్ఞానాన్ని తక్కువ చేసి చూడడం అప్పటినుంచీ ఉన్నదే కనుక, నువ్వు బ్రెడ్డు చేస్తావని ఎవరైనా చులకనగా మాట్లాడితే తలవంచుకోవలసిన పని లేదు.

అయితే వంటింటికీ ల్యాబుకూ మధ్య తెలివి రావచ్చు, పోవచ్చు. సామాను మాత్రం గడప దాటకూడదు. ల్యాబులో పక్కన పడేసిన బీకర్లు కొలతలకు తెచ్చుకుంటానని మీ అమ్మతో అన్నావట. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ బీకరులో అంతకుముందు ఏం కలిపారో నీకు తెలుసా? డీఎన్‌ఏకు రంగు పట్టించడానికి వాడే ఎథిడియం బ్రోమైడ్ జన్యువుల్లో మార్పులు తెచ్చే గుణం ఉన్న పదార్థం. అది అంటిన గాజుపాత్ర కడిగినా, కడగకపోయినా కంటికి ఒకేలా కనిపిస్తుంది. డీఎన్‌ఏ పరీక్షల జెల్లీకి వాడే అగరోస్ కరిగించే ల్యాబు మైక్రోవేవ్‌లో వెన్న కరిగించకు, రసాయనాలు పెట్టే ఫ్రిజ్‌లో నీ పిండి డబ్బా పెట్టకు, ల్యాబు త్రాసు మీద ఈస్టు తూచకు. వంటింటికి వేరే త్రాసు కొనుక్కో. డబ్బులు నేను పంపుతాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి వంద గ్రాముల మైదాకు 65 గ్రాముల నీళ్లు, 2 గ్రాముల ఉప్పు, గ్రాము ఇన్‌స్టంట్ ఈస్టు లెక్కన మొదలుపెట్టు. చక్కీలో విసిరిన గోధుమపిండి అయితే నీళ్లు ఎక్కువ తాగుతుంది. పచ్చి పిండిని నోట్లో వేసుకుని రుచి చూడకు. అమ్మడం మొదలుపెట్టేముందు ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకో, ఫెలోషిప్ తీసుకుంటూ అలా సంపాదించవచ్చో లేదో నిబంధనలు చూసుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒకచోట నాకన్నా చిన్నదైన పరిశోధక విద్యార్థిని ఒకామె ఉండేది. ఓవెన్లు అందరి ఇళ్లలోనూ లేని ఆ రోజుల్లో ఆమె ఇంట్లో చక్కని బన్నులు చేసి మా అందరికీ తెచ్చిపెట్టేది. చేతి పని ఎంత శుభ్రంగా ఉండేదంటే, కొత్తవాళ్లకు ఫ్లాస్కు మూత ఎలా తీయాలో చూపించమని ఆమెకే అప్పగించేవాళ్లం. అలాంటి మనిషి పెంచుతున్న కణాలు ఒక వేసవిలో వరుసగా పాడైపోవడం మొదలైంది. కణాలకు ఆహారంగా పోసే గులాబీ రంగు ద్రవం శుక్రవారం చూసినప్పుడు నిర్మలంగా ఉండి సోమవారానికి మసకబారేది. బ్యాక్టీరియా చేరితే ఆ రంగు త్వరగా పసుపుకు తిరుగుతుంది. ఇక్కడ రంగు పెద్దగా మారలేదు, మసక మాత్రమే కమ్మింది. మేము ద్రవం మార్చాం, అందులో కలిపే సీరం సీసా మార్చాం, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌ను ఖాళీ చేసి తుడిచాం, గాలి వడపోసే ఫిల్టరును పరీక్ష చేయించాం. అయినా ఆగలేదు.

ఒక రోజు ఆ ఫ్లాస్కును నేను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అడుగుకు అంటుకుని పరుచుకున్న కణాల మధ్య ఖాళీల్లో కోలగా, మెరుస్తూ చిన్న చిన్న గింజలు కనిపించాయి. వాటిలో కొన్నింటికి ఒక పక్కన మరో చిన్న బుడిపె మొలిచి ఉంది. అలా మొగ్గ తొడిగి పెరిగేది ఈస్టు. ద్రవంలో మేము కలిపే పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి కానీ ఈస్టును ఏమీ చేయలేవు. పైగా జంతు కణం రెండుగా విడిపోవడానికి దాదాపు ఒక రోజు పడితే, ఈస్టు అనువైన చోట గంటన్నరకే రెట్టింపవుతుంది. శనివారం, ఆదివారం తలుపు మూసి ఉంటే ఇక కణాలు మిగిలే ప్రసక్తి ఎక్కడిది?

అది ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి గదిలో నాలుగు మూలలా అగర్ ప్లేట్లు మూత తీసి ఉంచాం. అందరి కోటు అంచులనూ, చేతి గడియారాలనూ దూదితో తుడిచి వేరువేరు ప్లేట్ల మీద రాశాం. ఆమె గడియారం పట్టీ కింద తుడిచిన ప్లేటు మీద మీగడ రంగులో నున్నని చుక్కలు బోలెడు లేచాయి. పట్టీ తిప్పి చూస్తే, బకిల్ పక్కన కుట్ల సందుల్లో ఎండిపోయిన పిండి పొర సన్నగా, పొట్టులా అంటుకుని ఉంది. పొద్దున పిండి పిసికేటప్పుడు గడియారాన్ని మోచేతి దాకా పైకి జరుపుకునేది, చేతులు కడుక్కుని తిరిగి కిందికి లాగేది. సబ్బు ఆ పట్టీ కిందికి ఎప్పుడూ చేరలేదు. ఫ్లాస్కులోనిదీ పట్టీ కిందదీ ఒకటేనని జన్యుక్రమం చదివి రుజువు చేసే వసతి మాకు అప్పట్లో లేదు. గడియారం ఇంట్లో వదిలి రావడం మొదలుపెట్టాక మాత్రం మసక మళ్లీ రాలేదు.

బుజ్జీ, ఇంతవరకూ జరిగింది ఎవరికైనా జరగగలిగిందే. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ తరువాత ఆమె చెప్పిన మాట. రెండో ఫ్లాస్కు పోయినప్పుడే ఆమెకు అనుమానం వచ్చిందట. వంటల మీద ఉన్న ధ్యాస పని మీద లేదని గైడు అంతకుముందే ఒకసారి అందరి ముందూ అన్నాడు కనుక, ఈ మాట చెబితే ఆ నింద నిజమని ఒప్పుకున్నట్లవుతుందని భయపడి నోరు మెదపలేదు. ఒంటరిగా దిద్దుకుందామని ఆదివారాలు కూడా వచ్చి కొత్త ఫ్లాస్కులు వేసింది. పక్కవాళ్ల ఫ్లాస్కులకూ అది పాకింది. చివరికి ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచిన పాత నిల్వలు తీసి అందరూ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ రోజు వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఆమె ఏడుస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తప్పు ఆమె ఒక్కదానిదని నేను ఈనాటికీ అనుకోను. తప్పు చెప్పుకోవడానికి వీలులేని చోటుగా ఆ గదిని మార్చినవారికీ అందులో వాటా ఉంది.

అందుచేత నువ్వు చేరిన మొదటి వారంలోనే, ఏ ఫ్లాస్కూ పాడవకముందే, ఇంట్లో ఈస్టుతో బ్రెడ్డు చేసే అలవాటు ఉందని నీ గైడుకు చెప్పేయి. చెప్పడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. బ్రెడ్డు చేసేవాళ్లూ, ఇంట్లో వైను పులియబెట్టేవాళ్లూ కణాల గదిలోకి వెళ్లేముందు జాగ్రత్తపడాలని ఆ రంగంలో తెలిసినవాళ్లందరికీ తెలుసు. పిండి పనిని పొద్దునకు బదులు సాయంత్రానికి మార్చుకో. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడితే పిండి నెమ్మదిగా పులిసి రుచి కూడా బాగుంటుంది. పిండి కలిపేటప్పుడు వేసుకున్న బట్టలతో ల్యాబుకు వెళ్లకు, స్నానం చేసి, జుట్టు ముడి వేసుకుని వెళ్లు. గాజులు, ఉంగరం, గడియారం ఇంట్లోనే ఉంచు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకో. గ్లౌజుల మీద 70 శాతం ఆల్కహాలు చల్లుకున్నాకే, వడపోసిన గాలిలో కణాల పని చేసే హుడ్‌లో చేయి పెట్టు. నూరు శాతం అయితే ఇంకా మంచిది కదా అని ఎవరైనా అంటే నమ్మకు, క్రిములు బాగా చావడానికి అందులో నీళ్లు ఉండాలి.

మరో భయం బ్రెడ్డు గురించినది, ముఖ్యంగా నువ్వు అమ్ముతానంటున్నావు కనుక. మన ఎండల్లో చేసిన బ్రెడ్డు ఒకటి రెండు రోజులకే బాగా మగ్గిన పండు వాసన వేసి, లోపలి మెత్తని భాగం విరిస్తే జిగురుగా దారాల్లా సాగితే, అది బాసిల్లస్ సబ్‌టిలిస్ పని. పిండిలోనే ఉండే దాని బీజాంశాలు ఓవెన్ వేడికి చావవు. బయట ఎంత వేడి పెట్టినా బ్రెడ్డు నడిమిభాగం నూరు డిగ్రీలు దాటదు, వాటిని చంపడానికి ఆటోక్లేవ్‌లోనో కుక్కర్‌లోనో ఉండే 121 డిగ్రీల వేడి కావాలి. అవి ఆమ్లానికి మాత్రం వెనకడుగు వేస్తాయి. అందుకే వేసవిలో పిండిలో చెంచాడు వెనిగర్ కలుపు, లేదా సహజంగా పులిసిన సోర్‌డో పద్ధతికి మారు. దారాలు సాగిన బ్రెడ్డు ఒక్కటి కనిపించినా ఆ వాయి మొత్తం పారేసి, గట్టునూ కత్తినీ వెనిగర్‌తో తుడువు. వేడివేడిగా ఉన్న బ్రెడ్డును ప్లాస్టిక్ సంచిలో కట్టకు, ఆవిరి నీరై బూజు పడుతుంది. బూజు కనిపించిన మేర కోసేసి మిగతాది ఎవరికీ పెట్టకు. డబ్బులు తీసుకుని ఇచ్చే తిండి మన ఇంటి పిల్లలకు పెట్టేంత భద్రంగా ఉండాలి.

ఇంతా చదివి నేను నిన్ను భయపెడుతున్నానని అనుకుంటావేమో. నీ చేతి శుభ్రత నాకు తెలుసు. పదో తరగతిలో ఉల్లిపొర స్లైడు చేసి తెచ్చి చూపించినప్పుడే, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా కవర్‌స్లిప్ వేయడం చూసి ఈ పిల్ల నా దారిలోకే వస్తుందని మీ పెదనాన్నతో అన్నాను. ఆయన ఉంటే ఈరోజు వీధంతా చెప్పేవారు. పొద్దున ఏమీ తినకుండా ల్యాబుకు పరుగెత్తకు. చేసిన బ్రెడ్డులో రెండు ముక్కలు ముందు నువ్వు తిని మిగతాది ఇతరులకు ఇవ్వు. ప్రయోగం కోసం రాత్రి పొద్దుపోయి తిరిగి వచ్చిన రోజున ఓవెన్ ముట్టకు, పడుకో.

ల్యాబు నోటుపుస్తకం లాగే వంటింటికీ ఒకటి పెట్టుకుని తేదీ, గది ఉష్ణోగ్రత, పిండి, నీళ్ల బరువు, పొంగడానికి పట్టిన సమయం రాస్తూ ఉండు. మొదటి వాయి లెక్కలు నాకు పంపితే ఉప్పు, ఈస్టు ఎలా సర్దుకోవాలో జాబు రాస్తాను. గైడుతో ఎప్పుడు మాట్లాడావో, ఆయన ఏమన్నారో అందులో తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ