పాత ఇళ్లు కొని, బాగుచేసి అమ్ముతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఉద్యోగం చేయడట. పాడుబడ్డ ఇళ్లు చవగ్గా కొని, బాగుచేయించి లాభానికి అమ్ముతాడట. వీడియోలు చూసి ఈ ఆలోచన పట్టుకున్నాడు. వాళ్ల తాతగారు వదిలివెళ్లిన డబ్బు పెట్టుబడిగా ఇమ్మంటున్నాడు. ఇవ్వమంటారా? - ఒక తల్లి

జవాబు: డబ్బు ఇప్పుడే ఇవ్వకండమ్మా. అలాగని ఆ పని వద్దని కూడా అనకండి. దీని మీదే బతుకుతున్నవాళ్లు ఉన్నారు. కాకపోతే వీడియోలో ఆరు నెలల పని పది నిమిషాల్లో అయిపోతుంది. మేస్త్రి రాని రోజులు అందులో ఉండవు.

ఈ పనిలో లాభం అమ్మేటప్పుడు కాదు, కొనేటప్పుడే తేలిపోతుంది. ఇందులో ఉన్నవాళ్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు. బాగుచేశాక ఇల్లు ఎంత పలుకుతుందో అంచనా వేసి, అందులో 70 శాతం తీసుకుని, మరమ్మతుల ఖర్చు తీసేస్తారు. మిగిలిన దానికి మించి ఇంటికి పెట్టరు. అమ్మకం ధర 100, మరమ్మతులు 25 అనుకుంటే, 45కి మించి కొనకూడదన్నమాట. పక్కన పెట్టిన 30 అంతా లాభమని మీవాడు అనుకుంటాడేమో. రిజిస్ట్రేషన్, అప్పు మీద వడ్డీ, ఇల్లు చేతిలో ఉన్నన్నాళ్లూ పన్నులు, బ్రోకర్ కమిషన్ అన్నీ అందులోంచే పోవాలి. ఇక 25 అనుకున్న మరమ్మతులు 40కి చేరితే మిగిలేది 15. అది ఈ ఖర్చులకే సరిపోకపోవచ్చు.

అంటే అసలు విద్య ఆ 25ని సరిగ్గా చెప్పగలగడం. అది ఇంటిని చదవడం వస్తేనే కుదురుతుంది. వెంట్రుకంత సన్నని బీటలు చాలావరకు ప్లాస్టరింగ్‌వే, భయం లేదు. ఇటుకల వెంట మెట్లుమెట్లుగా పాకిన బీట, ఒక కొసన సన్నగా ఇంకో కొసన వెడల్పుగా ఉన్న బీట కనిపిస్తే మాత్రం పునాది ఒకవైపు కుంగిందేమోనని అనుమానించాలి. అది ఎప్పుడో ఆగిపోయిందో, ఇంకా పెరుగుతోందో తేల్చడానికి దానికి అడ్డంగా గాజు ముక్క అతికించి కొన్ని నెలలు చూసే పద్ధతి ఉంది. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. స్లాబు అడుగున పెచ్చులు ఊడుతుంటే లోపల చువ్వలు తుప్పుపడుతూ ఉండొచ్చు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచే కాంక్రీటును తోసేస్తుంది. పైన సిమెంటు మెత్తితే మళ్లీ ఊడుతుంది. గోడ మొదట్లో తెల్లగా ఉప్పు పొడి లేస్తుంటే చెమ్మ ఉన్నట్టు. అన్నట్టు, ఇల్లంతా మాసిపోయి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ముందు ఆ గోడ దగ్గరికే వెళ్లమనండి.

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, పాత ఇల్లు విప్పి చూడమని ఎవరూ అనలేదు. మా ఇంట్లో ఒక్క బాత్రూమ్ బాగుచేయిద్దామని మొదలుపెట్టాను. టైల్స్ తీస్తే వెనక పైపును తుప్పు తినేసి ఉంది. దాని వెంట పోతే పక్క గది గోడా పగలగొట్టాల్సి వచ్చింది. పదిహేను రోజులన్న పని నాలుగు నెలలు పట్టింది. అది నా సొంత ఇల్లు, నన్ను తరిమే వడ్డీ లేదు. మీవాడికి ఉంటుంది.

సమాచారం చేతిలో ఉంటే చాలనుకోవడానికీ లేదు. ఇళ్ల ధరల వివరాలు కుప్పలుగా ఉన్న అమెరికా కంపెనీ జిల్లో, కంప్యూటర్ అంచనాలతో ఇళ్లు కొని చిన్నచిన్న మరమ్మతులు చేసి అమ్మింది. ధరల అంచనా తప్పి, 2021 నవంబరులో ఆ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాంతో ఆ కంపెనీలో పాతిక శాతం ఉద్యోగాలు పోయాయి.

పత్రాల సంగతి పొడిగా చెప్తాను: వారసులందరి సంతకాలు, పాత తాకట్టు, లోపల అద్దెకున్నవాళ్లు. ఈ మూడూ లాయర్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

మీ అబ్బాయిని రెండు మూడేళ్లు మరమ్మతులు చేసే కాంట్రాక్టర్ దగ్గరో, ఇళ్లకు విలువ కట్టే సంస్థలోనో చేరమనండి. జీతం తక్కువే అయినా, ఇంకొకరి డబ్బుతో జరిగే తప్పులు దగ్గరుండి చూస్తాడు. నిర్మాణ పనుల ఖర్చు లెక్కగట్టడం మీద కోర్సు ఉంటే సాయంత్రాలు చదవొచ్చు. ఉద్యోగం వద్దన్నవాడికి ఇది చేదుగానే ఉంటుంది, మీ మీద కోపమూ వస్తుంది.

ఈ లోపల ఒక పని పెట్టండి. అమ్మకానికి ఉన్న మూడు పాత ఇళ్లు చూసి, ఏ పనికి ఎంతవుతుందో కాగితం మీద రాయమనండి. తర్వాత అనుభవమున్న మేస్త్రినో ఇంజనీరునో ఫీజు ఇచ్చి తీసుకెళ్లి, ఆయన లెక్క పక్కన పెట్టి చూసుకోమనండి. మొదటిసారి సగానికి సగం తేడా వచ్చినా నవ్వకండి. ఆ తేడా పదో వంతుకు దిగాక డబ్బు మాట ఎత్తండి. అప్పుడు కూడా ఒక్క చిన్న ఇంటికి సరిపడా మాత్రమే ఇవ్వండి.