కుమార్ మంగళం బిర్లా: తండ్రి ఇచ్చిందెంత, తాను కొన్నదెంత?

కడపలో ఎంబీఏ చదువుతున్న మీరు అడిగింది ఇది: ఇరవై ఎనిమిదేళ్ళకే తండ్రి వ్యాపారాలన్నీ చేతికి వచ్చిన కుమార్ మంగళం బిర్లా గారి వృత్తి జీవితంలో ఆయన సొంత ప్రజ్ఞ అనదగినది ఎంత, రాయలసీమలో ఆయన కంపెనీలతో వ్యవహరించినవారు చెప్పగలరా అని. నేను అనంతపురంలో సిమెంటు, ఇనుము అమ్మే కుటుంబంలో పుట్టి, అదే వ్యాపారంలో స్థిరపడినవాణ్ణి. ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. ముంబయిలో ఆయన తీసుకున్న నిర్ణయాలు మా గోడౌను దాకా వచ్చేసరికి ఏ రూపం దాల్చాయో మాత్రమే చూశాను. కాబట్టి ఈ సమాధానంలో సిమెంటు గురించి ఎక్కువ, మిగతా వ్యాపారాల గురించి తక్కువ ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బిర్లా గారిని వారసుడిగా చూస్తే ఆయన చేసిన పని సగం కూడా అర్థం కాదు. ఆయనను కొనుగోలుదారుగా చూడాలి. ఈనాడు ఆయన ఛైర్మన్‌గా ఉన్న ఆదిత్య బిర్లా గ్రూపులో పెద్దవిగా కనిపించే వాటిలో చాలా భాగం తండ్రి స్థాపించినవి కావు, ఇతరులు కట్టి నడుపుతున్నప్పుడు ఈయన ధర చెల్లించి తెచ్చుకున్నవి. 1995లో గ్రూపు వార్షిక టర్నోవరు దాదాపు 200 కోట్ల డాలర్లు ఉండగా, ఇప్పుడది 6,000 కోట్ల డాలర్లు దాటింది. పాత కర్మాగారాలను పెంచుకుంటూ పోవడం వల్ల మాత్రమే వచ్చిన పెరుగుదల కాదది.

వారసత్వంలో ఏమి వచ్చిందో కూడా చెప్పాలి. ఆయన 1967 జూన్ 14న కలకత్తాలో పుట్టి ముంబయిలో పెరిగారు; చార్టర్డ్ అకౌంటెన్సీ పూర్తి చేసి, లండన్ బిజినెస్ స్కూలులో ఎంబీఏ చదివారు. తండ్రి ఆదిత్య విక్రమ్ బిర్లా 1995 అక్టోబరు 1న, 51 ఏళ్ళ వయసులో, అమెరికాలోని బాల్టిమోర్‌లో క్యాన్సర్‌తో మరణించారు. లైసెన్సుల కాలంలో ఇక్కడ చేతులు కట్టేసినట్టుండగా, 1969 నుంచే థాయ్‌లాండ్ వంటి దేశాలకు వెళ్ళి కర్మాగారాలు పెట్టిన మనిషి ఆయన. సిమెంటు కూడా తయారుచేసే గ్రాసిమ్, అల్యూమినియం తయారుచేసే హిండాల్కో వంటి కంపెనీలూ, వాటిని దశాబ్దాలుగా నడుపుతున్న పెద్దలూ అలా కుమారుడికి దక్కారు. ఆ పెద్దల్లో చాలామందికి ఆయన చిన్నప్పటి నుంచీ తెలిసిన పిల్లవాడు.

కంపెనీలు దక్కడం కంటే ఆ పెద్దలు దక్కడమే చిక్కైన విషయమని నా అనుమానం. మార్వాడీ సంస్థల్లో నమ్మకస్థుడైన మేనేజరుకు పదవీ విరమణ అనే మాట ఉండేది కాదు. ఓపిక ఉన్నంతకాలం కొనసాగేవారు. యువకుడైన ఛైర్మన్ పదవీ విరమణకు వయోపరిమితి పెట్టి, బయటి కంపెనీల నుంచి వృత్తి నిపుణులను తీసుకురావడం మొదలుపెట్టినప్పుడు ఇంటిలోపల ఎంత గుసగుస నడిచి ఉంటుందో మన ఊళ్ళలో ఉమ్మడి దుకాణం నడిపిన ఎవరైనా ఊహించగలరు. అయితే రోజువారీ లాభనష్టాలను ఏ రోజుకారోజు లెక్కగట్టే పర్తా పద్ధతిని మాత్రం ఆయన ఒక్కసారిగా తీసి పారేయలేదు. ఆధునిక లెక్కల పద్ధతుల పక్కనే దాన్నీ ఉండనిచ్చారు. 2003లో ఆస్ట్రేలియాలో రాగి గనిని కొన్నప్పుడు మరో ముచ్చట జరిగింది. కంపెనీ విందుల్లో మాంసం, మద్యం ఉండకూడదన్న ఇంటి నియమం తమకెందుకని అక్కడి ఉద్యోగులు అడిగితే వారికి మినహాయింపు ఇచ్చారట. ఆ తరువాత అదే ప్రశ్న ఇక్కడి ఉద్యోగుల నుంచీ వచ్చిందని ఆయనే ఒక వ్యాసంలో రాసుకున్నారు.

ఇక సిమెంటుకు వస్తాను. తాడిపత్రి దగ్గర భోగసముద్రంలో ఉన్న కర్మాగారాన్ని 1990లలో నిర్మించింది ఎల్ అండ్ టీ (లార్సెన్ అండ్ టూబ్రో) అనే ఇంజనీరింగు కంపెనీ. తాడిపత్రి నుంచి ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల దాకా నేలకింద సున్నపురాయి పరుచుకుని ఉన్నందువల్లే మన మూడు జిల్లాల్లో ఇన్ని సిమెంటు చిమ్నీలు, ఇన్ని నాపరాయి గనులు కనిపిస్తాయి. 2001 నవంబరులో గ్రాసిమ్ కంపెనీ, రిలయన్స్ దగ్గరున్న 10.05 శాతం ఎల్ అండ్ టీ వాటాను షేరుకు 306 రూపాయల చొప్పున, సుమారు 766 కోట్లకు కొన్నది. అప్పటి మార్కెట్ ధర దానికంటే చాలా తక్కువ. ఇంత ఎక్కువ పెట్టడమేమిటని అప్పట్లో చాలామంది ఆక్షేపించారు. మరుసటి ఏడాది షేరుకు 190 రూపాయల చొప్పున మరో 20 శాతానికి ఓపెన్ ఆఫర్, అంటే వాటాదారులందరి దగ్గరా కొంటామన్న ప్రకటన, ఇచ్చారు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ విచారణ, ఎల్ అండ్ టీ యాజమాన్యం నుంచి గట్టి ప్రతిఘటన ఎదురయ్యాయి. చివరికి 2003లో ఒప్పందం కుదిరి, ఎల్ అండ్ టీ తన సిమెంటు విభాగాన్ని వేరు చేసింది, ఆ విభాగం గ్రాసిమ్ అధీనంలోకి వచ్చింది, గ్రాసిమ్ దగ్గరున్న ఎల్ అండ్ టీ వాటాను ఎల్ అండ్ టీ ఉద్యోగుల ఫౌండేషన్ కొనుక్కున్నది. 2004లో ఆ సిమెంటు కంపెనీకి అల్ట్రాటెక్ అనే పేరు స్థిరపడింది.

ఆ మార్పు మా దుకాణంలో ఎలా కనిపించిందో చెబితే మీ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. మా ప్రాంతపు మేస్త్రీలకు ఎల్ అండ్ టీ అంటే వంతెనలు, ఆనకట్టలు కట్టే కంపెనీ. స్లాబు వేసే రోజున ఆ బస్తా ఉంటేనే ధైర్యం. పాత పేరును వాడుకునే వీలు కొంతకాలమే ఉండేది కాబట్టి, ఆ గడువులోగా ఎవరికీ తెలియని కొత్త పేరును అదే నమ్మకంతో నిలబెట్టాలి. అందుకు వారు చేసిన తెలివైన పని, మనుషులను కదపకపోవడం. మా జిల్లాలో తిరిగే అధికారులు వారే, సైటుకు వచ్చి ఇసుక, కంకర చూసి నీటి పాళ్ళు చెప్పే ఇంజనీర్లు వారే, కర్మాగారంలో లోడింగు దగ్గర కనిపించే ముఖాలూ అవే. యజమాని మారిన సంగతి మాకు బిల్లు మీద తెలిసింది తప్ప మనుషుల ద్వారా తెలియలేదు. తరువాతి కాలంలో మరొక కంపెనీ, పేరు అనవసరం, చేతులు మారినప్పుడు ఇందుకు పూర్తిగా భిన్నమైనది చూశాను: అధికారులందరూ ఒక్కసారిగా మారిపోయారు, మాకు రావలసిన క్వాంటిటీ డిస్కౌంటు పాత యాజమాన్యపు లెక్కల్లో ఉందని కొత్తవారు, కొత్తవారే ఇవ్వాలని పాతవారు అంటూ చాలాకాలం తిప్పారు. కంపెనీని కొనడానికీ, దాని డీలర్లను నిలుపుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు నాకు అర్థమైంది.

మరొక సంగతి గమనించండి. ఇంత పెద్ద బ్రాండుకు ఆయన బిర్లా అనే ఇంటిపేరు పెట్టలేదు. అప్పటికే కర్ణాటకలోని మాల్ఖేడ్ కర్మాగారం నుంచి బిర్లా సూపర్ అనే గ్రాసిమ్ సిమెంటు మా వైపు వచ్చేది. అయినా పెద్ద పీట కొత్త పేరుకే వేశారు. నా అంచనా ఏమిటంటే, బిర్లా అన్న పేరు ఆయన ఒక్కరిదే కాదు. ముత్తాత ఘనశ్యామ్ దాస్ బిర్లా 1983లో మరణించిన తరువాత కుటుంబ వ్యాపారాలు శాఖలు శాఖలుగా విడిపోయాయి, ఆ శాఖల్లో పలువురు సిమెంటే తయారు చేసేవారు. మా దుకాణానికి వచ్చి ‘బిర్లా సిమెంటు ఇవ్వండి’ అంటే ఏ బిర్లా అని అడగవలసి వచ్చేది. కర్నూలు వైపు బాగా అమ్ముడుపోయే బిర్లా శక్తి, ఆయన తాత బసంత్ కుమార్ బిర్లా గారి కేశోరామ్ కంపెనీది. తాత తరువాత దాన్ని మేనత్త మంజుశ్రీ ఖైతాన్ గారు నడిపారు. ఆ సిమెంటు విభాగం 2025 మార్చిలో అల్ట్రాటెక్‌లో కలిసింది. ఇంటివారి సొత్తును కూడా ఆయన వాటాల మార్పిడి లెక్క కట్టి తెచ్చుకున్నారే తప్ప, వారసత్వంగా అందుకోలేదు.

మీ జిల్లాలో జరిగినది ఇంకా తాజాది. ఎర్రగుంట్ల దగ్గర చిలంకూరులోనూ, ఎర్రగుంట్లలోనూ ఉన్న రెండు కర్మాగారాలు చెన్నైకి చెందిన ఇండియా సిమెంట్స్‌వి; కానీ ఆ కంపెనీ కూడా వాటిని కట్టలేదు. చిలంకూరు కర్మాగారం కోరమాండల్ ఫెర్టిలైజర్స్ నుంచి, ఎర్రగుంట్లది ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్ నుంచి 1990లలో దానికి వచ్చాయి. 2024 జూన్‌లో అల్ట్రాటెక్ ఇండియా సిమెంట్స్‌లో సుమారు 23 శాతం వాటా కొని, జూలైలో ప్రమోటర్ల వాటా 32.72 శాతాన్ని షేరుకు 390 రూపాయల చొప్పున కొనేందుకు ఒప్పందం చేసుకుని, డిసెంబరులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ అనుమతి వచ్చాక కంపెనీని తన అధీనంలోకి తీసుకున్నది. అదే 2024లో తాడిపత్రి ప్రాంతంలో పుట్టి పెరిగిన పెన్నా సిమెంట్ అదానీల చేతికి వెళ్ళింది. అంటే మన సున్నపురాయిలో చెప్పుకోదగ్గ భాగం ఇప్పుడు ఆ రెండు గ్రూపులది. ఏడాదికి పది కోట్ల టన్నులకు మించిన సామర్థ్యాన్ని ఒకే దేశంలో సాధించిన సిమెంటు కంపెనీల్లో, చైనా బయట మొదటిది అల్ట్రాటెక్.

ఈ పెరుగుదలను నేను పూర్తిగా మెచ్చుకోలేను. అమ్మేవారు తగ్గేకొద్దీ ఇల్లు కట్టుకునేవాడి బేరమాడే శక్తి తగ్గుతుంది. 2012లో కాంపిటీషన్ కమిషన్, ధరల విషయంలో కుమ్మక్కయ్యారన్న అభియోగంపై అల్ట్రాటెక్‌తో సహా పలు సిమెంటు కంపెనీలకు మొత్తం 6,000 కోట్లకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆరోపణను కాదన్నాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒకే వారంలో అన్ని బ్రాండ్ల రేట్లూ కదిలినప్పుడు కొనుగోలుదారు మాటలు పడేది కౌంటరు వెనుక కూర్చున్న మాలాంటివారే.

అల్యూమినియం కథ కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. 2007లో హిండాల్కో, తనకంటే ఎంతో పెద్దదైన నోవెలిస్ అనే అట్లాంటా కంపెనీని అప్పులతో కలిపి 600 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు షేరు ధర పడిపోయింది. ఆ కంపెనీ ముడిలోహం ధర ఎంత పెరిగినా పానీయాల డబ్బాల రేకును పరిమిత ధరకే ఇవ్వాలన్న పాత ఒప్పందాల్లో ఇరుక్కుని ఉంది, పైగా మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఒప్పందాల గడువు తీరేదాకా ఓర్చుకున్నారు; ఇప్పుడు హిండాల్కో ఆదాయంలో పెద్ద భాగం అక్కడినుంచే వస్తుంది.

ఎక్కువ ధర పెట్టి, ఏళ్ళ తరబడి కాచుకోవడం అనే ఈ పద్ధతి అన్నిచోట్లా నిలవలేదు. సున్నపురాయి గని పదేళ్ళ తరువాత కూడా అక్కడే ఉంటుంది. ఫోను చందాదారు ఉండడు. మన రాష్ట్రంలో టాటా సెల్యులార్‌గా మొదలైన నెట్‌వర్కును కలుపుకున్న ఐడియా అనే మొబైల్ కంపెనీలో టాటాల వాటాను 2006లో 4,400 కోట్లకు పైగా చెల్లించి కొన్నారు. 2016లో జియో వచ్చి ధరలను కూల్చింది, 2018లో వొడాఫోన్‌తో విలీనమయ్యారు, 2019 అక్టోబరులో లైసెన్సు రుసుము బకాయిలపై సుప్రీంకోర్టు తీర్పు మోయలేని భారం మోపింది. 2021 జూన్‌లో ఆయన, కంపెనీని నిలబెట్టగలిగితే తన వాటాను ప్రభుత్వానికో, ప్రభుత్వం చెప్పిన సంస్థకో అప్పగిస్తానని కేబినెట్ కార్యదర్శికి లేఖ రాసి, ఆగస్టులో ఛైర్మన్ పదవి వదులుకున్నారు. బకాయిలు వాటాలుగా మారి, 2025 నాటికి ప్రభుత్వం చేతికి దాదాపు 49 శాతం వచ్చింది. కిరాణా వ్యాపారంలోనూ అంతే: హైదరాబాదు త్రినేత్ర దుకాణాలను 2007లో కొని మోర్ అని పేరు మార్చారు, పన్నెండేళ్ళు నడిపి అమ్మేశారు. దుస్తుల వ్యాపారం మాత్రం నిలిచింది. 1999లో మధురా గార్మెంట్స్‌తో పాటు వచ్చిన లూయీ ఫిలిప్, అలెన్ సోలీ ఇంకా వారివే. పులివెందులలో ఆ గ్రూపు ఫ్యాషన్ కంపెనీ కర్మాగారానికి 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది.

కాబట్టి తండ్రి పెట్టుబడి, పరపతి లేకుండా ఇదంతా సాధ్యమయ్యేదా అంటే కాదు. బ్యాంకులు అప్పు ఇచ్చింది ఆ పేరును చూసే. కానీ అదే పేరుతో మొదలైన ఇతర శాఖలు ఈ స్థాయికి రాలేదన్నది కూడా అంతే నిజం, ఆ తేడాను ఆయన ఖాతాలో వేయక తప్పదు. ఆయన పిల్లలు అనన్య, ఆర్యమాన్ 2023లో గ్రాసిమ్, ఫ్యాషన్ కంపెనీల బోర్డుల్లోకి వచ్చారు.

మీరు కడపలోనే ఉన్నారు కనుక, మీ అధ్యయనానికి వార్షిక నివేదికలతో పాటు చిలంకూరు, ఎర్రగుంట్ల కూడా వెళ్ళిరండి. ఇండియా సిమెంట్స్ కాలం నాటి అధికారుల్లో ఎవరు ఉన్నారో, పాత డీలర్ల క్రెడిట్ లిమిట్ ఎంత మారిందో, ఇండియా సిమెంట్స్ వాడిన కోరమాండల్ పేరుతో బస్తా ఇంకా వస్తున్నదో లేదో అక్కడి దుకాణాల్లో అడగండి. తాడిపత్రిలో ఇరవై ఏళ్ళ క్రితం జరిగిన మార్పిడితో పోల్చి చూసుకునేందుకు ఆ వివరాలు సరిపోతాయి.