ల్యాప్‌టాప్‌ను ఈ శనివారం తుడిచెయ్యకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విండోస్ వదిలి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలనుకుంటున్నావని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. కానీ "శనివారం రాత్రి కూర్చుని మొత్తం తుడిచేసి ఉబుంటు పెట్టేస్తాను" అని రాశావే (ఉబుంటు అంటే లినక్స్‌లోనే ఒక రకం), అక్కడ మనసు ఆగిపోయింది. అమ్మాయీ, ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకు. నువ్వు లినక్స్‌కు మారాలి, మారి అక్కడే ఉండిపోవాలి. ఒక్క రాత్రిలో మారినవాళ్లలో చాలామంది అక్కడ నిలవరు.

నేనూ నిలవలేదు. ఒకసారి సరిగ్గా అలాగే పాతదంతా చెరిపేశాను. తెల్లవారాక చూస్తే ప్రింటర్ పలకలేదు. తోటి ఉద్యోగులు పంపిన పట్టికలు గళ్లు చెదిరిపోయి కనిపించాయి. ఏ పనికి ఏ ప్రోగ్రామ్ వాడాలో తెలియదు, మర్నాటికల్లా ఒక నివేదిక ఇవ్వాలి. మూడో రోజున పాత వ్యవస్థనే మళ్లీ ఎక్కించుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు లినక్స్ పేరు ఎత్తలేదు. ఆ రెండేళ్లు పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫ్రాన్స్ జాతీయ జాందార్మెరీ అనే పోలీసు దళం ఇదే పనిని ఎంత ఓపికగా చేసిందో చూడు. వాళ్లు విండోస్‌ను కదపకుండానే 2005లో పత్రాలు, పట్టికలు చేసుకునే ఓపెన్ఆఫీస్‌కు మారారు. మరుసటి ఏడాది వెబ్ చూడటానికి ఫైర్‌ఫాక్స్, ఈమెయిల్‌కు థండర్‌బర్డ్ పెట్టుకున్నారు. ఆ తర్వాత, 2008లో, ఉబుంటు వైపు కదిలారు. అప్పటికి సిబ్బంది చేతులు రోజూ వాడే ప్రోగ్రాములకు అలవాటుపడి ఉన్నాయి. అడుగున ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మారినా కళ్ల ముందున్నవి పెద్దగా మారలేదు. నువ్వు కూడా ఈ వరుసలోనే వెళ్లు.

అంటే, ఇప్పుడున్న విండోస్ మీదనే మొదలుపెట్టు. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, వీడియోలకు వీఎల్‌సీ, బొమ్మలు దిద్దడానికి జింప్ అన్నీ దాని మీద నడుస్తాయి. వీటితో పెద్ద ఇబ్బంది ఉండదు. నీ సమయాన్ని ఎక్కువగా తీసుకునేది ఓపెన్ఆఫీస్ నుంచే పుట్టిన లిబ్రేఆఫీస్. కనీసం నెల రోజులు దానితోనే పని చెయ్యి. నీ సొంత పత్రాలను ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో దాచుకో. అది 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమయింది కాబట్టి రేపు ఏ ప్రోగ్రామ్‌కు మారినా నీ రాతలు నీ చేతిలోనే ఉంటాయి. ఎవరికైనా చదవడానికి మాత్రమే పంపుతుంటే పీడీఎఫ్ చేసి పంపు. వాళ్లు దిద్దాల్సి వస్తేనే వర్డ్ రూపంలో పంపు.

పత్రంలో పేజీలు జరిగిపోతే చాలాసార్లు కారణం ఫాంటే. మైక్రోసాఫ్ట్ ఫాంట్లయిన కాలిబ్రీ లేని చోట కార్లిటో, కేంబ్రియా లేని చోట కలాడియా పెట్టుకో. వాటి అక్షరాల వెడల్పులను సరిగ్గా సరిపోయేలా తయారుచేశారు, కాబట్టి వరుసలు చెదరవు. యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతికి) ముందునాటి ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు పత్రాలు నీ దగ్గర ఉంటే వాటిని ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకో. ఆ ఫాంట్ లేని చోట అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. మాక్రోలు (పనులను వాటంతటవే చేసే చిన్న ఆదేశాలు) ఉన్న పెద్ద పట్టికలను ఒక్కొక్కటిగా తెరిచి పరీక్షించు. కొన్ని పూర్తిగా పనిచెయ్యవు. ఏ ప్రత్యామ్నాయమూ దొరకని ప్రోగ్రామ్ ఒకటి మిగిలితే దాని కోసం విండోస్‌ను పక్కన ఉంచుకోవడంలో తప్పులేదు.

ఆ నెలలోనే ఒక ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ ఎక్కించి, హార్డ్ డిస్కును ముట్టకుండా దాని నుంచే నడిపి చూడు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి సంఖ్యను), అధికారిక సైట్‌లో ఇచ్చిన దానితో ముందు పోల్చుకో. తర్వాత వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ పరీక్షించు. మూత మూసి తెరిచి చూడు, నిద్ర నుంచి సరిగ్గా లేస్తోందా అని. నా ప్రింటర్ సంగతి ఈ పద్ధతిలో నాకు గంటలో తెలిసిపోయేది.

ఏ పంపిణీ (ఉబుంటులాగా, వాడుకోవడానికి సిద్ధం చేసి ఇచ్చే లినక్స్ రూపం) ఎంచుకోవాలన్న చర్చలో వారాలు పోగొట్టుకోకు. లినక్స్ మింట్ గానీ ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్) గానీ చాలు. ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి వస్తుంది, ఐదేళ్లు భద్రతా నవీకరణలు ఇస్తారు. కొత్తవాళ్లకు కావలసింది ఆ నిలకడే.

ఇన్‌స్టాల్ చేసే రోజున మాత్రం తొందరపడకు. ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కును మరో కంప్యూటర్‌లో తెరిచి చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకో. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి వాడే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపెయ్యి, లేకపోతే డిస్కులోని విండోస్ విభాగంలోకి లినక్స్ నుంచి ఏమీ రాయలేకపోవచ్చు. ఖాళీ స్థలాన్ని విండోస్‌లోనే వేరుచేసి, నీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌కు ప్రత్యేక విభాగం ఇవ్వు. రేపు వ్యవస్థను మళ్లీ ఎక్కించాల్సి వచ్చినా, ఆ విభాగాన్ని ఫార్మాట్ చెయ్యనంతవరకు నీ ఫైళ్లు పదిలంగా ఉంటాయి.

అలవాటు ఒకటి పూర్తిగా మార్చుకోవాలి. ప్రోగ్రామ్ కావాలంటే వెబ్‌సైట్లు వెతకడం మానెయ్యి, పంపిణీవాళ్లు ప్రోగ్రాములు పెట్టి ఉంచే భండారం నుంచే తీసుకో. ఎక్కడో కనిపించిన ఆదేశాన్ని, ముఖ్యంగా ముందు సుడో (పూర్తి అధికారంతో నడపమని చెప్పే మాట) అని ఉన్నదాన్ని, అర్థం తెలియకుండా టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) అతికించకు. మాన్ అని కొట్టి దాని పక్కన ఆ ఆదేశం పేరు రాస్తే వివరణ వస్తుంది, చదువుకో.

లినక్స్ గురించి "కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి భద్రమే కదా" అని కూడా రాశావు. కనిపించడం వేరు, ఎవరో కూర్చుని చూడటం వేరు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనంలోకి ఎవరో దొంగదారి చొప్పించారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. ఆ అర సెకనును అతను పట్టించుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నవీకరణలు వాయిదా వెయ్యకు. నీకు లోపం కనిపిస్తే, ఏ వెర్షన్, ఏం చేశావు, ఏం జరిగింది అని వివరంగా రాసి ఆ ప్రాజెక్టుకు పంపు. మంచి తెలుగు వచ్చినదానివి, అనువాదాల్లోనూ నీ చెయ్యి కావాలి.

డబ్బు పెట్టక్కర్లేదన్నది నీ ఉత్తరంలో మూడుచోట్ల ఉంది. ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అన్న ఒకే మాటకు రెండర్థాలు ఉండటంతో ఈ తికమక పుట్టింది. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది ఆ రెండోదాని కోసం: వాడుకునే, చదివి మార్చుకునే, పంచుకునే, మార్చినదాన్నీ పంచే స్వేచ్ఛ. నువ్వు నెల రోజులు వాడబోయే లిబ్రేఆఫీసే దానికి సాక్ష్యం. 2010లో ఓపెన్ఆఫీస్ కొత్త యాజమాన్యం తీరు నచ్చని డెవలపర్లు అదే కోడ్‌తో వేరుపడి దీన్ని నిర్మించారు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఉచితంగా ఇచ్చినవాళ్లు రేపు ధర పెట్టవచ్చు, మూసెయ్యవచ్చు. ఈ హక్కు మాత్రం లైసెన్సులోనే రాసి ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు వైఫై కనిపించకపోతే కంగారుపడకు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చెయ్యి, ఫోన్‌లోని ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. తర్వాత టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci, లోపలి పరికరాల జాబితా చూపే ఆదేశం) అని కొట్టి, నెట్‌వర్క్ అని ఉన్న వరుసను నాకు పంపు. ఆదివారం ఉదయం ఇద్దరం కలిసి దానికి తగిన డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) వెతుకుదాం.

మీ మామయ్య