ఇన్సులిన్ వేసే చోట గడ్డలున్నాయేమో చూడండి

అన్నా, తిండి అదే, డోసు అదే, అయినా అమ్మగారికి షుగర్ ఒకరోజు పొద్దున 90, మర్నాడు పొద్దున 280 వస్తోందన్నారు కదా, ముందు ఆవిడ పొట్ట మీద ఇన్సులిన్ వేసే చోటు వేళ్లతో తడిమి చూడండి. మా నాన్నకి ఏళ్ల తరబడి బొడ్డు పక్కన ఒకే చోట పొడిచీ పొడిచీ రబ్బరులా గడ్డ కట్టింది, అక్కడ నొప్పి తెలియదని ఆయన అక్కడే వేసుకునేవారు, కానీ ఆ కొవ్వు గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు సరిగా ఎక్కదు, ఇంకోరోజు ఎక్కువగా ఎక్కేస్తుంది. గడ్డ ఉంటే అక్కడ వేయొద్దు. చోటు మారుస్తూ, ప్రతిసారీ వేలి వెడల్పు జరిపి, కొత్త సూదితో వేయండి. అయితే మంచి చోట మందు పూర్తిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు, అందుకే డోసు ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అడిగాకే చోటు మార్చండి, కొన్నాళ్లు రోజూ ఎక్కువసార్లు చెక్ చేయండి.