పవర్ బ్యాంకుతో నడిచే విమాన ట్రాకింగ్ రిసీవర్‌ని ఇంట్లో చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేసుకోవచ్చు. నేను రెండు చేశాను, రెండోది ఇప్పటికీ ఊరెళ్ళినప్పుడల్లా నా బ్యాగులో ఉంటుంది. విజయవాడలో ఉంటున్నానని, బడ్జెట్ 8 వేలని, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో ఏది కొనాలో తేలడం లేదని రాశారు. ఆ ప్రశ్నని చివరికి పెట్టుకోండి. ముందు ఆలోచించాల్సింది యాంటెన్నా గురించి, దాన్ని ఎంత ఎత్తున పెట్టగలరన్న దాని గురించి. నేను తిరగేసి చేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు తిరిగే ప్రయాణికుల విమానాలు దాదాపు అన్నీ 1090 మెగాహెర్ట్జ్ మీద తమ వివరాలు తామే చెప్పుకుంటూ పోతాయి. దీన్నే ఏడీఎస్-బీ అంటారు. జీపీఎస్‌తో తెలుసుకున్న స్థానం సెకనుకి సుమారు రెండుసార్లు వస్తుంది. ఎత్తు, వేగం, కాల్ సైన్ (రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు) కూడా వస్తాయి. ఒక్కో సందేశం 112 బిట్లు, 120 మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. దాన్ని ఎవరూ తాళం వేసి పంపరు, వినగలిగిన వాళ్ళందరికీ వినపడుతుంది. ప్రతి విమానానికీ 24 బిట్ల సొంత నంబరుంటుంది. హెక్సాలో (పదహారు గుర్తులతో అంకెలు రాసే పద్ధతిలో) చూస్తే మన దేశంలో రిజిస్టరైనవి 80, 81, 82, 83లతో మొదలవుతాయి. కొన్నాళ్ళకి కాల్ సైన్ రాకముందే నంబరు చూసి మనదో బయటిదో చెప్పేస్తారు.

అయితే ఈ తరంగాలు కొండల్నీ కాంక్రీటునీ చుట్టి రావు. యాంటెన్నాకీ విమానానికీ మధ్య అడ్డేమీ ఉండకూడదు. 35 వేల అడుగుల మీద ఎగిరే విమానం, భూమి వంపు ఒక్కటే అడ్డమైతే, సుమారు 420 కిలోమీటర్ల దాకా అందుతుంది. అదే వెయ్యి మీటర్ల ఎత్తుకి దిగితే 130 కిలోమీటర్లే. మీ ఇల్లు ఇంద్రకీలాద్రికి, మొగల్రాజపురం కొండకి ఏ పక్కన ఉందో చూసుకోండి. కొండ అవతలి వైపు కింద ఎగిరేవి మీకు రావు. తూర్పు తెరిపిగా ఉంటే మాత్రం బంగాళాఖాతం మీదుగా చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగేవి కూడా దొరుకుతాయి.

యాంటెన్నా కొనక్కర్లేదు. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 69 మిల్లీమీటర్లు. నాలుగు మూలలా చిల్లులున్న ఎన్-టైప్ ప్యానెల్ సాకెట్ (యాంటెన్నా కేబుల్ తగిలించేది) ఒకటి, ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు అర మీటరు చాలు. మా నాన్న రిటైరైన లేత్ పనివాడు. నేను టేపుతో కొలిచి కోస్తుంటే చూడలేక తన పాత స్టీలు స్కేలు తెచ్చి, వైరుని రెండు చెక్కల మధ్య దొర్లించి నిటారు చేసి, గీత గీసి ఐదు ముక్కలు కోసి ఇచ్చారు. ఒక ముక్క సాకెట్ మధ్య పిన్నుకి టంకం వేసి నిలబెట్టాలి. మిగతా నాలుగూ మూలల చిల్లులకి బిగించి, గొడుగు ఊచల్లా కిందికి 45 డిగ్రీలు వంచాలి. 69 అంటే సాకెట్ పైనుంచి వైరు కొస దాకా, పిన్ను లోపలికి పోయిన భాగం లెక్కలోకి రాదు. నేను మొదటిసారి తప్పింది అక్కడే. సరిచేశాక అదే కిటికీలో కనిపించే విమానాలు 9 నుంచి 20కి పైగా పెరిగాయి.

కేబుల్ నాణ్యత దగ్గర పొదుపు చేయకండి, పొడవు దగ్గర మాత్రం పొదుపు చేయండి. సన్నటి ఆర్‌జీ-174 పది మీటర్లు వేస్తే సిగ్నల్‌లో పదో వంతు కూడా మిగలదు. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 చాలా నయం. అది 75 ఓమ్‌లదని కొందరు వద్దంటారు, వినడానికి మాత్రమే వాడే మనకి ఆ తేడా లెక్కలోది కాదు. నా పద్ధతి ఇంకా సులువు: మేడ మీద నీళ్ళ ట్యాంకు పైన వెదురుబద్దకి యాంటెన్నా కట్టి, దాని కిందే రిసీవర్ పెట్టె వేలాడదీస్తాను. కేబుల్ అర మీటరు. మొబైల్‌కి వైఫైలో మ్యాప్ వస్తుంది. ఉరుములు మొదలైతే మాత్రం అన్నీ దించేయండి.

రిసీవర్ అంటే ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్, పెన్‌డ్రైవ్‌లా గుచ్చేది. అది పుట్టింది టీవీ చూడ్డానికి. 2012లో దాన్ని మామూలు రేడియోలా వాడుకోవచ్చని బయటపడింది. తర్వాత రెడిస్ అనే డేటాబేస్ రాసిన సాల్వతోరె శాన్‌ఫిలిప్పోనే ఈ విమాన సందేశాల్ని చదివే డంప్1090 అనే ప్రోగ్రాం రాసి అందరికీ ఇచ్చేశాడు. ఇప్పుడు నేను దాని వారసుల్లో ఒకటైన రీడ్‌ఎస్‌బీ, మ్యాప్ కోసం టార్1090 వాడుతున్నాను. మీ ఇంటి పక్కన సెల్ టవరుంటే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ సిగ్నల్ డాంగిల్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. అప్పుడు గెయిన్ (డాంగిల్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించి చూడండి. అది చాలకపోతేనే 1090ని మాత్రం రానిచ్చే ఫిల్టర్ కొనండి.

ఇక పెట్టె. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ ఈ పనికి చాలు, అంతకంటే పెద్దది కొంటే బ్యాటరీ తింటుంది. డాంగిల్‌తో కలిపి నాది మూడు, మూడున్నర వాట్లు తీసుకుంటుంది. 10,000 ఎం.ఏ.హెచ్. పవర్ బ్యాంకు ఎనిమిది గంటల దాకా లాగుతుంది. అన్నిటికంటే నన్ను ఏడిపించింది పవర్ కేబుల్. ప్రతి పది నిమిషాలకీ డాంగిల్ మాయమయ్యేది. డాంగిల్ మార్చాను, కార్డు మార్చాను, ఓఎస్ మళ్ళీ వేశాను. చివరికి చూస్తే ఫోన్ చార్జింగ్ కోసం కొన్న సన్న వైరులోనే వోల్టేజ్ పడిపోతోంది. ఒక అడుగు పొడవున్న మందపాటి కేబుల్ వేశాక ఆ జబ్బు మళ్ళీ రాలేదు. పెట్టెకి స్టీలు టిఫిన్ డబ్బా వద్దు, వైఫై బయటికి రాదు. ప్లాస్టిక్ డబ్బాకి కింద చిల్లులు పెట్టి నీడలో వేలాడదీయండి. డాంగిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

ఊళ్ళో ఇంటర్నెట్ లేకపోతే మూడు సంగతులు ఎదురవుతాయి. మ్యాప్ బొమ్మలు రావు, నల్ల తెర మీద విమానాలు మాత్రం కదులుతుంటాయి. ఈ రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీ గడియారం లేదు కనుక టైం తప్పు చూపిస్తుంది. పవర్ బ్యాంకు హఠాత్తుగా ఆగితే ఎస్‌డీ కార్డు చెడిపోవచ్చు. అందుకని రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (కార్డు మీద ఏమీ రాయనివ్వని ఏర్పాటు) ఆన్ చేసుకోండి. నాకు ఒక కార్డు పోయాకే ఆ బుద్ధి వచ్చింది.

ఇంత కష్టం దేనికంటే ఒక్క సాయంత్రం చెబుతాను. సంక్రాంతికి నల్గొండ దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. తమ్ముడు శంషాబాద్ నుంచి దోహా వెళ్ళాలి, వాడిని ఎక్కించి అమ్మ దిగులుగా తిరిగొచ్చింది. డాబా మీద పెట్టె ఆన్ చేశాను. వాడి కాల్ సైన్ తెర మీదికి రాగానే అమ్మ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. విమానం తూర్పుకి లేచి, తిరిగి పడమటికి మళ్ళడం, ఎత్తు అంకె పెరుగుతూ పోవడం చూసింది. రెండొందల కిలోమీటర్లు దాటి గుర్తు ఆగిపోయేదాకా కిందికి దిగలేదు.

చివరగా చట్టం సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2010లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర హోటల్‌లో విమానాలు గమనిస్తున్న ఇద్దరు బ్రిటిష్ పర్యాటకుల్ని పోలీసులు పట్టుకున్నారు, వాళ్ళు వారాల తరబడి ఇక్కడే ఇరుక్కుపోయారు. పెట్టె మోసుకెళ్ళే వీలుంది కదా అని గన్నవరం విమానాశ్రయం గోడ పక్కకో, వైమానిక దళ స్థావరాల దగ్గరకో తీసుకెళ్ళకండి. మీ మేడ మీదే వాడుకోండి. స్థలం మారుతుండే రిసీవర్ నుంచి ట్రాకింగ్ సైట్లకి డేటా కూడా పంపకండి, మీ స్థానం తప్పుగా ఉంటే వాళ్ళ ఎంలాట్ లెక్కలు (చాలా రిసీవర్లకి సిగ్నల్ చేరిన సమయాల తేడాతో విమానం ఎక్కడుందో కట్టే లెక్కలు) చెడిపోతాయి.

ఇప్పటికి డాంగిల్ ఒక్కటే కొనండి. లాప్‌టాప్‌కి పెట్టి, ఇంట్లో చేసిన యాంటెన్నాతో మేడ మీద వారం రోజులు చూడండి. మీ మేడ నుంచి ఏ దిక్కున కొండ అడ్డొస్తుందో, సెల్ టవర్ ఎంత దూరంలో ఉందో కింద రాస్తే ఫిల్టర్ అవసరమో కాదో చెబుతాను.